వాసన ఎలా ఉందో రాయి

కొండమీది హాస్టలు, సాలూరు పైన,
జూన్ 26.

ప్రియమైన నాన్నకు,

నీ చిన్నకూతురు ఝాన్సీ రాస్తున్నాను. ఇక్కడ ఫోన్ మోగాలంటే నీళ్ళ ట్యాంకు దాటి గుట్ట ఎక్కాలి. ఎక్కినా నువ్వు "హలో హలో" అనడం తప్ప ఏమీ వినిపించుకోవు. అందుకని ఉత్తరం. బుధవారం బుధవారం సరుకుల వ్యాను తెచ్చే కొండబాబు దీన్ని సాలూరులో పోస్టు చేస్తాడు. నీ జవాబు కూడా అతని చేతికే వస్తుంది.

వార్డెనుగా చేరి పన్నెండు రోజులైంది. నూట ఇరవైమంది ఆడపిల్లలు, వంటమనిషి కూర్మమ్మ, హెడ్మిస్ట్రెస్ లీలారాణి గారు, ఒక పెద్ద ఫ్రిజ్. మనుషులతో నాకే ఇబ్బందీ లేదు. ఫ్రిజ్‌తోనే వచ్చింది చిక్కంతా.

వేసవి సెలవుల్లో ఎవరో పాలపేకెట్లు, గుడ్లు లోపల వదిలేసి కరెంటు తీసి వెళ్ళిపోయారు. రెండు నెలలు తలుపు మూసే ఉంది. ఇంక చెప్పాలా! నేను మొదటిరోజు తలుపు తీసి, తీసినంత వేగంగానూ మూసేశాను. కూర్మమ్మ దూరంగా నిలబడి, "నాను ముందే సెప్పినాను కదమ్మా, అది ఫ్రిజ్జు కాదు, పెద్దకర్మ" అంది.

సబ్బు నీళ్ళతో కడిగాను. నిమ్మచెక్కలు పెట్టాను. గిన్నెలో వంటసోడా పోసి పెట్టాను. బొగ్గులు, కాఫీపొడి, నలిపిన పేపర్లు, ఎవరు ఏది చెబితే అది పెట్టాను. రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజుకి మళ్ళీ మామూలే. పాలు లోపల పెడితే గంటలో వాటికీ అదే కంపు పడుతోంది.

ఫ్రిజ్ లేకపోతే ఏమవుతుందో నీకు తెలియాలి. ఇక్కడికి కూరగాయలు వారానికి ఒక్కసారే వస్తాయి. శనివారానికి ఆకుకూర కుళ్ళుతుంది, ఆదివారానికి టమాటాలు కారిపోతాయి. సోమవారం, మంగళవారం పిల్లలకి పప్పునీళ్ళే గతి.

లీలారాణి గారు దాన్ని తుక్కు కింద కొండ దించేద్దామన్నారు. అప్పుడు నేను నోరు జారాను. "మా నాన్న చీపురుపల్లిలో ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి ఫ్రిజ్ మెకానిక్ అండి. తలుపు తీసి వాసన చూసి జబ్బేమిటో చెప్పేస్తారు. ఊళ్ళో ఆయన పేరే వాసన జగన్నాధం" అన్నాను. ఆవిడ నవ్వి, "అయితే ఆ ముక్కేదో మాకూ చూపించండి. ఆగస్టు పదిహేను దాకా ఆగుతాను" అన్నారు.

కాబట్టి నాన్నా, ఒక్కసారి రా. నీ పేరు చెప్పి గొప్పలు పోయాను. నిలబెట్టు.

నీ
ఝాన్సీ


చీపురుపల్లి, స్టేషన్ రోడ్డు,
జూలై 3.

చిరంజీవి ఝాన్సీకి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం షాపులో బల్లమీద పెట్టుకుని రెండుసార్లు చదివాను. పక్క టీకొట్టు అప్పలసూరికి కూడా చదివి వినిపించాను. కూతురు నూట ఇరవైమందికి వార్డెనయిందని వాడికి నెల నుంచీ చెబుతున్నాను, ఇప్పుడు రుజువు దొరికింది.

ముందు నీ వైద్యం గురించి. నిమ్మచెక్క పెడితే ఫ్రిజ్ బాగుపడదే పిచ్చిదానా. కంపు, దానిమీద నిమ్మకాయ, రెండూ కలిసి కొడతాయి. సోడా, బొగ్గు మంచివే. కానీ అవి వచ్చిన వాసనని పీల్చుకుంటాయి, పుట్టేచోటుని ఆపవు. ఇంట్లో పంపు కారుతుంటే ఎంతసేపని గుడ్డ పెట్టి తుడుస్తాం?

నేను రాలేను. మోకాలు సలుపుతోంది. మీ అమ్మ ఆదివారం అక్క పురిటికి అనకాపల్లి వెళ్తోంది. రాజకుమారికి ఈ నెలాఖరుకి నొప్పులు రావచ్చన్నారు. షాపు వదిలి కదలడం కుదరదు.

నేను రాకపోయినా పని ఆగదు. నువ్వే చూడు. వాసన ఎలా ఉందో రాయి. "కంపు" అని రాస్తే నాకేమీ తెలియదు. కుళ్ళిన గుడ్డా, మురిగిన నీళ్ళా, చచ్చిన బల్లా, తడి గోనా? తలుపు తీసినప్పుడు ఎక్కువా, వెనక నిలబడితే ఎక్కువా? మోటారు ఆడుతున్నప్పుడా, ఆగినప్పుడా? చిన్నప్పుడు నా సామాన్ల పెట్టెమీద కూర్చుని ఆడినట్టే కళ్ళు మూసుకుని చూడు. దేనిలా ఉందో అది రాయి. సిగ్గుపడకు.

ఇట్లు,
మీ నాన్న


హాస్టలు,
జూలై 10.

ప్రియమైన నాన్నకు,

నువ్వు రానన్నావని కోపం వచ్చింది. మోకాలు నొప్పితో గరివిడి దాకా సైకిల్ తొక్కే మనిషివి, సాలూరు దాకా బస్సెక్కలేవా అనుకున్నాను. తర్వాత ఆ ఆట గుర్తొచ్చి కోపం పోయింది. నేను కళ్ళు మూసుకునేదాన్ని, నువ్వు ఒక్కో స్పేరుపార్టు నా ముక్కు దగ్గర పెట్టేవాడివి. "ఏటే, ఇది ఏటి సెప్పు?" గ్యాసు గొట్టం, కాలిన వైరు, పాత రబ్బరు. ఐదు చెబితే అప్పలసూరి కొట్లో బెల్లం జీళ్ళు. ఆ జీళ్ళ కోసమే కదా ముక్కు ఇంత పదును పెట్టుకున్నాను.

సరే, విను. పిల్లలు చదువుకి వెళ్ళాక వంటింట్లో పీట వేసుకుని గంటన్నర కూర్చున్నాను. కూర్మమ్మ నన్ను చూసి, "వార్డెనమ్మ ఫ్రిజ్జుకి పూజ సేస్తన్నాది" అని పిల్లలకి చెప్పింది.

తలుపు తీస్తే వాసన ఉంది, కానీ అక్కడ పుట్టినట్టు లేదు, ఎక్కడి నుంచో వచ్చి కూర్చున్నట్టుంది. వెనక్కి వెళ్తే ఎక్కువ. మోటారు ఆగి ఉన్నప్పుడు ఓర్చుకోవచ్చు. అరగంట ఆడాక కింద నుంచి వెచ్చగా లేస్తుంది. పెసరపప్పు నానబోసి, నీళ్ళు వంచడం మరిచిపోయి, మూడోరోజు మూత తీసినట్టుంది. పుల్లగా, జిగటగా, గొంతులోకి దిగుతుంది. చచ్చిన జంతువు కాదు. కుళ్ళుగుడ్డు కాదు.

ఆదివారం గుట్ట ఎక్కి అనకాపల్లికి ఫోన్ చేశాను. అమ్మ మాట్లాడింది. నువ్వు కూరకి వంక పెట్టడం మానేశావట కదా! "మీ నాన్న బుద్ధిమంతుడైపోనాడే. శివరాత్రి జ్వరం తగ్గిన కాణ్ణుంచి ఏటి పెడితే అది తింతన్నాడు. పోపు మాడినా పలకడు" అని మురిసిపోయింది. నాకు నమ్మశక్యంగా లేదు. పక్కింట్లో పోపు మాడితే మనింట్లో ముక్కు చిట్లించే మనిషివి నువ్వు.

నీ జవాబు కోసం ఫ్రిజ్ తలుపు తెరిచి పెట్టుకుని కూర్చున్నాను.

నీ
ఝాన్సీ


చీపురుపల్లి,
జూలై 19.

నా తల్లి ఝాన్సీకి,

దొరికింది! పెసరపప్పు నీళ్ళు అన్న మాట దగ్గరే దొరికింది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఇంత చక్కగా జబ్బు చెప్పిన మనిషిని చూడలేదు. అందరూ "కంపు సార్" అంటారు, అంతే.

ఫ్రిజ్ లోపల కరిగిన నీళ్ళు వెనక గోడ అడుగున చిన్న కన్నంలోంచి గొట్టం గుండా కిందికి దిగి, మోటారు నెత్తిన ఉన్న ప్లాస్టిక్ ట్రేలో పడతాయి. మోటారు వేడికి ఆ నీళ్ళు ఆరిపోవాలి. మీ ఫ్రిజ్‌లో పాలు కారి ఆ ట్రేలోకి దిగి మురిగాయి. మోటారు ఆడితే ట్రే వేడెక్కుతుంది, కంపు లేస్తుంది. నువ్వు లోపల ఎంత కడిగినా అది వెనక కూర్చుని నవ్వుతోంది.

ముందు ప్లగ్గు తియ్యి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గే తియ్యాలి. ఫ్రిజ్‌ని ముందుకి లాగు. వెనక కింద రేకుకి నాలుగు మరలుంటాయి, విప్పు. మోటారు చల్లారేదాకా ఆగు. ట్రే తీసి వేడినీళ్ళు, సోడా పోసి కడిగి ఎండలో పెట్టు. లోపలి కన్నంలోకి సూదిలేని సిరంజితో గోరువెచ్చని సోడానీళ్ళు కొట్టు. కింద శుభ్రంగా దిగేదాకా కొట్టు. తలుపు రబ్బరు కూడా తుడు. మరల్ని ఒక గిన్నెలో వేసుకో, లేకపోతే నాలుగు విప్పితే మూడే బిగిస్తావు, నాకు తెలుసు.

మీ అమ్మ లేదు కదా, పాలవాడి దగ్గర వెన్న కొని నెయ్యి నేనే కాచాను. ఒక సీసా సాలూరు లారీవాడికిచ్చి పంపుతున్నాను. పిల్లలకి ఒక్కో చుక్కయినా వడ్డించు. చీపురుపల్లి తాతయ్య పంపాడని చెప్పు.

మీ నాన్న


హాస్టలు,
జూలై 24.

ప్రియమైన నాన్నకు,

ట్రేలో ఏమున్నదో రాయను, నువ్వు అన్నం తింటూ ఉత్తరం చదువుతావు. నువ్వు చెప్పినవన్నీ చేశాను. నాలుగు మరలూ బిగించాను, కూర్మమ్మ సాక్షి. పెసరపప్పు వాసన పూర్తిగా పోయింది. వంటింట్లో ఊపిరి పీల్చుకుంటున్నాం.

కానీ ఇంకొకటి మిగిలింది. మొదటి కంపు కింద ఇది దాక్కున్నట్టుంది. సన్నగా, తలుపు తీసిన మొదటి క్షణంలోనే వస్తుంది. లీలారాణి గారు ఈరోజు తలుపు తీసి చూసి, "తగ్గింది, కానీ పోలేదు కదమ్మా" అన్నారు. ఇంక మూడు వారాలే ఉంది.

నాన్నా, ఈసారైనా రా. ఒక్కసారి తల లోపల పెట్టి నువ్వు పీలిస్తే అయిపోతుంది.

నెయ్యి అందింది. కాచినప్పుడు వాసన చూశావా? ఎప్పటి వెన్న?

నీ
ఝాన్సీ


చీపురుపల్లి,
జూలై 31.

ఝాన్సీకి,

అక్కకి మొన్న మగపిల్లాడు. ఇద్దరూ క్షేమం.

ఫ్రిజ్ సంగతి. నీ మాటని బట్టి చూస్తే పాలు గోడల లోపలున్న ఫోములోకి దిగి ఉంటాయి. అలా దిగితే ఇంక వదలదు. ఎవరూ చేసేది లేదు. నేను వచ్చినా అంతే. తుక్కుకి పంపేయమను. నువ్వు చేసింది చాలా ఎక్కువ, తలవంపులేమీ లేవు.

నెయ్యి వాసన చూసే పంపాను. కమ్మగా ఉంది. వెన్న తాజాదే.

షాపులో పని ఎక్కువగా ఉంది. ఉత్తరం ఆలస్యమైతే బెంగపడకు.

నాన్న


హాస్టలు,
ఆగస్టు 14.

ప్రియమైన, అబద్ధాలాడే నాన్నకు,

ముందు ఫ్రిజ్ సంగతి చెబుతాను, అది సంతోషమైన సంగతి.

"తుక్కుకి పంపేయమను" అని నువ్వు రాసిన ముక్క చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మా నాన్న ఏ ఫ్రిజ్‌నీ అలా వదిలేయగా నేను చూడలేదు. వరదనీళ్ళలో మునిగిన ఫ్రిజ్‌ని కూడా నెలరోజులు షాపులో పెట్టుకుని, ఐసు కట్టించి పంపిన మనిషివి. మూడో రోజు మళ్ళీ పీట వేసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఈసారి వాసన పెసరపప్పు కాదు. విరిగిన పాలు పిండిన గుడ్డని ఉతకకుండా తీగ మీద ఆరేస్తే, ఎండిపోయాక వచ్చే వాసన. అంటే అది తడిలో లేదు, ఎక్కడో ఎండిపోయి ఉంది. ఫోములో అయితే తడిగా ఉండాలి కదా? పైగా మొదటి క్షణంలోనే వస్తోందంటే లోపలి గోడల్లో కాదు, తలుపు దగ్గరే ఉండాలి.

తలుపు రబ్బరు తుడవమని రాశావు. పైపైన తుడిచాను. ఇప్పుడు కింది అంచున వేలు దూర్చి లాగాను. రబ్బరు గాడిలోంచి ఊడి వచ్చింది. గాడి నిండా పసుపు పచ్చగా ఎండిన పాలు, వాటిలో చీమలు. తలుపు అరలోంచి కారి నేరుగా అక్కడికి దిగాయన్నమాట. పాత టూత్‌బ్రష్‌తో గీకి, సోడానీళ్ళతో మూడుసార్లు తుడిచి, రబ్బరుని వేడినీళ్ళలో మెత్తబరిచి మళ్ళీ గాడిలో నొక్కాను. వంద రూపాయల కాగితం మధ్యలో పెట్టి తలుపు మూసి లాగి చూశాను, నువ్వు చూసినట్టే. బిగువుగా ఉంది.

నాలుగు రోజులైంది. సోడా గిన్నె కూడా తీసేశాను. ఈరోజు లీలారాణి గారు వచ్చి తల లోపల పెట్టి, చాలాసేపు అలాగే ఉండి, బయటికి వచ్చి ఒక్కటే అన్నారు: "రేపు జెండా పండక్కి పిల్లలకి మజ్జిగ ఇందులోనే చల్లబరచండి." నాకు ఏడుపొచ్చింది నాన్నా. అంత గొప్పగా అనిపించింది.

ఇప్పుడు నెయ్యి.

మూత తీసిన రోజు నేను పక్కనే ఉన్నాను. కూర్మమ్మ చెంచా కింద పడేసింది. "ఏటమ్మా ఇది, నెయ్యా, బండి ఇరుసుకి రాసే కందెనా? మీ నాన్నగోరు ముక్కుతో మెకానిక్కని సెప్పినారు కదా, మరి ఇదేటి?" అంది. లారీ ఎండకి పాడైందని సర్ది చెప్పాను. కానీ ఎండకి పాడైన వాసన అది కాదు. కాచకముందే వెన్న మురిగిపోయింది. అలాంటి వెన్న మన గుమ్మం దాటి లోపలికి వచ్చే వీలే లేదు. "వాసన చూసే పంపాను" అని నువ్వు రాశాక ఇంక అన్నీ కలిశాయి. శివరాత్రి జ్వరం. మాడిన పోపు. రానంటే రానన్న మోకాలు.

నీకు వాసన తెలియడం లేదు కదా నాన్నా? ఆరు నెలలుగా. అమ్మకి కూడా చెప్పలేదు.

నేను ఎంత మూర్ఖురాలిని. నీ ముక్కు గురించి గొప్పలు చెప్పి, రా రా అని ఉత్తరం ఉత్తరానికీ పీకాను. అవి చదువుతూ నువ్వేమనుకున్నావో తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. కోపంగా కూడా ఉంది. నాకు చెప్పకూడదా? నీ సామాన్ల పెట్టెమీద కూర్చుని పెరిగినదాన్ని, నాకు కూడానా?

ఒక్క మాట మాత్రం నిజం. నేను గొప్పలు చెప్పింది ముక్కు గురించి కాదు, నీ గురించి. ఇప్పుడూ వెనక్కి తీసుకోను.

నీ
ఝాన్సీ


చీపురుపల్లి,
ఆగస్టు 20.

నా బంగారుతల్లి ఝాన్సీకి, నాన్న.

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం. ఇదిగో, ఈరోజు షాపు తలుపు సగం దించి కూర్చున్నాను.

అవునమ్మా. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. డాక్టరుగారు కొందరికి వస్తుంది, కొందరికి రాదు అన్నారు. మొదట్లో వస్తుందనే అనుకున్నాను. ఏప్రిల్లో ఒకావిడ ఇంట్లో ఫ్రిజ్ చూసి గ్యాసు తక్కువైందని చెప్పి వచ్చాను. అక్కడ లోపల వైరు కాలుతోంది. నా ముక్కుకింద కాలుతోంది, నాకు తెలియలేదు. సాయంత్రానికి ప్లగ్గు మండి గోడ నల్లబడింది. మనుషులకేం కాలేదు, అది ఆ కూర్మనాథస్వామి దయ. ఆవిడ నన్నేమీ అనలేదు. "ఎంతటోళ్ళకైనా తప్పు జరుగుతాది మావా" అంది. నాకు అదే గుచ్చుకుంది. జూన్ నెలలోనే అప్పలసూరికి చెప్పాను, షాపుని అద్దెకి తీసుకునే మనిషిని చూడమని. నా మోకాళ్ళ నొప్పుల వల్ల మానేస్తున్నానని మీ అమ్మకి చెబుదామనుకున్నాను.

అప్పుడు వచ్చింది నీ మొదటి ఉత్తరం. వాసన జగన్నాధం అని అందులో నువ్వు రాసిన పేరు చూసి సిగ్గుపడ్డాను. వాసన ఎలా ఉందో రాయి అని నిన్ను అడిగింది నీకు నేర్పడానికి అనుకున్నావేమో. కాదు. నాకు వేరే దారి లేక అడిగాను. నీ రెండో ఉత్తరంలో పెసరపప్పు నీళ్ళ ముక్క చదివానా, ఐదు నెలల తర్వాత మొదటిసారి ఒక ఫ్రిజ్ ముందు నిలబడ్డట్టనిపించింది. ముక్కుకేమీ తెలియలేదు. కానీ ట్రే అని తెలిసిపోయింది. అప్పలసూరి భుజం మీద కొట్టి, "దొరికింద్రా!" అని అరిచాను. వాడి టీ ఒలికిపోయింది.

తర్వాత నువ్వు రెండో వాసన ఉందన్నావు, రమ్మన్నావు. భయపడ్డాను. వస్తే నలుగురి ముందు ఫ్రిజ్‌లో తల పెట్టి ఏం చెప్పను? అందుకే ఫోము అని రాసి తప్పించుకున్నాను. అనుభవం పేరుతో తప్పు చెప్పింది నా భయం. నువ్వు వినలేదు. గాడిలోంచి రబ్బరు లాగి చూశావు. నేనైనా అంత త్వరగా అక్కడికి వెళ్ళేవాడిని కాదు, నిజం చెబుతున్నాను. నీ ఉత్తరంలో ఆ ముక్క అప్పలసూరికి చదివి వినిపించాను. వాడు, "అయితే ఈ షాపుకి మనిషిని సూడక్కర్లేదన్నమాట" అన్నాడు.

అక్కర్లేదన్నాను.

మొన్న గరివిడి నుంచి ఒకావిడ వచ్చింది, ఫ్రిజ్ కంపని. ఇంటికి వెళ్ళి, పీట వేయించి, "కళ్ళు మూసుకో అమ్మా. దేనిలా ఉన్నాదో సెప్పు" అన్నాను. ఆవిడ నవ్వి, "నానెందుకు సెప్పాల? నీ ముక్కేటైపోనాది మావా?" అంది. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకే కదా భయపడి దాక్కున్నాను. "పోనాదమ్మా. జ్వరంలో పోనాది. నువ్వు సెప్పు, నాను బాగుసేస్తాను" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, "వానకి తడిసిన గోనె" అంది. వెనక్కి వెళ్ళి చూస్తే గొట్టానికి చుట్టిన గుడ్డ తడిసి బూజు పట్టి ఉంది. అరగంట పని. వచ్చేటప్పుడు ఆవిడ వీధి చివరిదాకా వచ్చి సాగనంపింది.

మీ అమ్మకి నేనే చెప్పుకుంటాను, నువ్వు ముందే ఊదకు. ఆరు నెలలుగా కూరలు బాగున్నాయన్నది అబద్ధమా అని ముందు దానికి పోట్లాడుతుంది. పోట్లాడనీ.

ఆ నెయ్యి పారబోయండి. కూర్మమ్మకి నా తరఫున క్షమాపణ చెప్పు. ఆమె ముక్కు మంచిది.

వచ్చే బుధవారం కొండబాబు వ్యానులో వస్తున్నాను. మోకాలికేమీ లేదు, ఎప్పుడూ లేదు. జీళ్ళు తెస్తున్నాను, పిల్లలందరికీ. నీకు మాత్రం ఐదు వేరే.

వచ్చి లీలారాణి గారి ముందే ఆ ఫ్రిజ్ తలుపు తీసి, తల లోపల పెట్టి, గట్టిగా పీలుస్తాను. నాకు ఏ వాసనా రాదు. తర్వాత నువ్వు తల పెట్టు. నీకూ రాకూడదు. చీపురుపల్లిలో ఇన్ని ఫ్రిజ్‌లు బాగుచేశాను గానీ, నాతో సమానమైన మెకానిక్ పక్కన నిలబడి పీల్చే భాగ్యం ఇప్పటిదాకా రాలేదు.

నీ
నాన్న జగన్నాధం